డ్రాగన్ నోట నాన్న గొంతు

మంగళవారం, పదిహేడో తేదీ
కుట్టుమిషన్ల షాపు నుంచి

పుట్టుక చేత తమ్ముడూ, చేసే పని చేత నాకేమీ కానివాడూ అయిన చిన్నోడికి,

అన్నయ్య వందనాలు. దేవుని దయవల్ల నేనూ, మీ వదినా, పిల్లలూ క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉండి ఉంటావు. డ్రాగన్‌కి ఏం లోటు?

నీ ఉత్తరం అందింది. నాన్న పోయిన ఈ పద్నాలుగేళ్ళలో నువ్వు రాసినవి నాలుగు ఉత్తరాలు. ఈ నాలుగోదాంట్లో మూడు సినిమా పాసులు పెట్టావు. "మూడింటికీ డబ్బింగ్ చెప్పాను అన్నయ్యా, చూసి మొహమాటం లేకుండా నీ అభిప్రాయం రాయి" అన్నావు. మొహమాటమా? నాకా? సినిమాహాలు మెట్లెక్కవద్దని ఇరవై ఏళ్ళుగా చర్చి సంఘంలో గొంతు చించుకుంటున్నవాణ్ణి నేను. అయినా వెళ్ళాను. శత్రువు కోట గోడ ఎంత ఎత్తో చూడనివాడు దాన్ని కూల్చలేడు. మూడు మధ్యాహ్నాలు షాపు మూసి మూడూ చూశాను. ఇప్పుడు కాసుకో.

మొదటిది ఆకాశంలో ఓడ. జనం గాజుపెట్టెల్లో నూరేళ్ళు నిద్రపోయి వేరే లోకంలో లేస్తారట. లేచినవాళ్ళలో దేవుణ్ణి తలుచుకున్నవాడు ఒక్కడు లేడు. అందరికంటే ముందు లేచినవాడు కాఫీ అడిగాడు! చేప కడుపులో మూడే మూడు రోజులున్న ప్రవక్త బయటపడి ఒక పట్టణం మొత్తాన్ని మోకాళ్ళ మీద నిలబెట్టాడు. వీళ్ళు నూరేళ్ళుండి బయటపడి తుపాకులు తీశారు. ఆ ఓడలో ఎవరికీ కనబడకుండా, అందరికీ ఆజ్ఞలిస్తూ మాట్లాడే కంప్యూటర్ గొంతు నీది. కనబడకుండా మాట్లాడేవాడు ఒక్కడే ఉన్నాడురా. ఆయన కుర్చీలో నిన్నెవరు కూర్చోబెట్టారు?

రెండోది మరమనిషి కథ. వాడికి ఆత్మ ఉందట, చివర్లో కన్నీళ్ళు కారుస్తాడు. హాల్లో ఆడా మగా ముక్కులు చీదారు. పక్కసీటావిడ నా భుజం తట్టి, "ఏడవండి బాబాయ్ గారూ, చీకట్లో ఎవరు చూస్తారు" అంది. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు విప్పుతున్నాను. అడుగున దారపు పీచూ, నూనె జిడ్డూ, విరిగిన సూదిమొనలూ దొరికాయి గాని ఆత్మ దొరకలేదు. కన్నీళ్ళు కారే మిషన్ని ఎవరైనా నా బల్లమీద పెడితే, నూనె ఎక్కువ పోశారని గుడ్డతో తుడిచి పంపిస్తాను. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి. వాడి వేళ్ళ కీళ్ళు మడత పడే తీరు పని తెలిసినవాడెవడో చేశాడు.

ఇక మూడోది. కొండగుహ దగ్గర కాపలా కాసే ముసలి డ్రాగన్, లోపల దాక్కున్న రాజుగారి కూతురు. రెక్కల పాము మాట్లాడటమేమిటి? దేవుడు ఒకప్పుడు గాడిదచేత మాట్లాడించాడు, కాదనను. దారికి అడ్డంగా దేవదూత నిలబడి ఉన్నా కనబడనంతగా దాని మీద ఎక్కి పోతున్న ప్రవక్త కళ్ళు మూసుకుపోయాయి గనుక మాట్లాడించాడు. ఆ గాడిద అవసరముండి మాట్లాడింది. టిక్కెట్టు కొన్నవాళ్ళ కాలక్షేపానికి కాదు.

సరే, పిల్లల సినిమా అనుకుని చూస్తున్నాను. ఆ డ్రాగన్ నోరు తెరిచి దగ్గింది. మూడు పొడిదగ్గులు, కాస్త ఆగి ఒక లోతైన దగ్గు. సిగ్గులేదూ నీకు? అది నాన్న దగ్గు. గిడ్డంగి గేటు దగ్గర ముప్పై ఏళ్ళు కాపలా కాసి, సిమెంటు దుమ్ము మింగి సంపాదించుకున్న దగ్గు. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తల్లా అదే. దాన్ని తీసుకెళ్ళి పాముకిచ్చావా?

అక్కడితో ఆగావా? రాజు సైనికులు గుహ ముందు నిలబడితే ఆ డ్రాగన్, "ఏవయ్యా, నిన్నెవరైనా ఇక్కడ ఆనించి మరిచిపోయారా?" అంది. గేటు దగ్గర ఊరికే నిలబడ్డవాళ్ళని నాన్న అడిగే మాట, అక్షరం పొల్లుపోలేదు. తర్వాత ఆ పిల్ల గుహలోకి వెళుతుంటే వెనకనుంచి, "గొళ్ళెం పెట్టావా?" అంది. రోజూ పొద్దుగూకే వేళ మనల్ని నాన్న అడిగిన మాట. ఒరే, ఆ గుహకి తలుపే లేదు! గొళ్ళెం ఎక్కణ్ణుంచి తెచ్చావు? హాలంతా విరగబడి నవ్వింది. మన నాన్నని నవ్వులపాలు చేశావు.

ఇంటికొచ్చి మీ వదినతో మాట్లాడలేదు. నాలుగో రోజున ఆవిడ, "మూడు గంటల సినిమాకి నాలుగు రోజుల కోపమేమిటండీ? బావుందా లేదా, అది చెప్పండి" అని నిలదీసింది. నేను బైబిలు తెరిచి పేజీలు తిప్పాను. "అయితే బావుందన్నమాట" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఇల్లే మాట వినకపోతే సంఘం ఏం వింటుంది!

అసలు సంగతికొస్తాను. రెండో భాగంలో డ్రాగన్ చచ్చిపోతుందనీ, వచ్చే సోమవారం డబ్బింగనీ రాశావు. బొమ్మలో దాని నోరు చివరిసారి నాలుగుసార్లే తెరుచుకుంటుంది కాబట్టి నాలుగు మాటలే పడతాయనీ, ఆ నాలుగూ నీకే వదిలేశారనీ రాశావు. "నేను రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను. నువ్వే దగ్గరున్నావు కదా అన్నయ్యా, ఆఖర్న నాన్న గొంతు ఎలా ఉంది? ఏమన్నాడు?" అని అడిగావు. నేను కాదంటే నాన్న గొంతు ఇక వాడనని కూడా రాశావు.

ఎన్నిసార్లు చెప్పాలి? సమాధి దగ్గరే చెప్పాను. దేవుణ్ణి స్తుతిస్తూ కన్నుమూశాడు. నీ గురించి ఏమైనా అన్నాడా అని అడిగావు, అనలేదని అప్పుడే చెప్పాను. నాటకాల కంపెనీ వెంట నువ్వు పోయిన నాటినుంచి ఆరేళ్ళు ఆ ఇంట్లో నీ ఊసెత్తినవాళ్ళు లేరు. నాన్న చివరి స్తుతి మీద ఏటా ప్రసంగం చేస్తున్నాను. అది విని మన వీధి దర్జీ తాగుడు మానేశాడు. అంత పరిశుద్ధమైన మాటల్ని పాము నోట్లో పోస్తానా? ఇవ్వను. ఆ గొంతూ వాడొద్దు. ఇదే నా అభిప్రాయం, మొహమాటం లేకుండా.

ఇంకొక్క మాట. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ చదివి అందరూ చిన్నవాడి కోసం ఏడుస్తారు. ఇంట్లోంచి పాటలు వినబడుతుంటే, కాళ్ళకి పొలం మట్టితో గుమ్మం బయటే నిలబడిపోయిన పెద్దవాడి కోసం ఒక్కడూ ఏడవడు. మందులు పోసింది వాడు. పక్కలు మార్చింది వాడు. విందు మాత్రం పారిపోయినవాడికి. ఈ భాగం మీద నేనెప్పుడూ ప్రసంగించలేదు. మొదలుపెడితే ఆపలేను.

నీ మీద కోపంతోనూ, దేవుడంటే భయంతోనూ,
అన్నయ్య

తా.క. బుధవారం పొద్దున. నిన్న అంటించిన కవరు చించి ఇది రాస్తున్నాను. ఆ గాడిద కథ మళ్ళీ తీసి చదివాను. అది నోరు తెరిచింది ప్రవక్తను నాశనానికి పోకుండా ఆపడానికి.

హాల్లో జనం నవ్వింది డ్రాగన్‌ని చూసి కాదు. అది "గొళ్ళెం పెట్టావా?" అనగానే నేను లేచి నిలబడి, ప్రసంగం చేసే గొంతుతో, "పెట్టాను నాన్నా" అన్నాను. నన్ను చూసి నవ్వారు. ఆ రోజు నా పక్కసీట్లో కూర్చున్నావిడ కూడా నవ్వింది.

నాన్న స్తుతిస్తూ పోలేదు. ఆ స్తుతి నేను అల్లింది. ఆ సాయంత్రం తలుపు వేయబోతుంటే ఆయన నన్ను పిలిచి, "గొళ్ళెం పెట్టకు. చిన్నోడు వస్తాడు" అన్నాడు. మరి మాట్లాడలేదు. ఆయన కళ్ళు నేనే మూశాను. మూసి, లేచి వెళ్ళి గొళ్ళెం పెట్టాను. ఆరేళ్ళు పక్కనున్నది నేను, చివరి మాట నీది. ఓర్చుకోలేకపోయాను.

ఆదివారం సంఘంలో నిలబడి ఇది చెబుతాను. దర్జీని దేవుడే కాయాలి.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. గొళ్ళెం, పెట్టకు, చిన్నోడు, వస్తాడు. నాలుగే. ఆ డ్రాగన్ నోటికి సరిపోతాయి. గొంతు ఎలా ఉందని అడిగావు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ మాట్లాడేవాడే, అలా ఉంది. దగ్గు మాత్రం పెట్టకు. అప్పుడాయనకి దగ్గు లేదు.