బూజు చేసిన మందు

ప్రియమైన మరదలు పిల్లకి,

నువ్వడిగిన కుళ్ళిన చెక్కలు చేరాయా? వాటికోసం ఇంతలా బతిమాలే మనిషిని నిన్నే చూశాను. వడ్రంగినై ఉండి కుళ్ళుచెక్క పార్సెల్ చేశానని తెలిస్తే నా పరువేం కాను!

ఉలి జారి కుడిచేతి వేళ్ళు కోసుకున్నాయి. చిన్నదే. కానీ కట్టు విప్పితే మీ అక్క పుండు వాసనే వచ్చింది. ఏ మందుకీ మానక ఆవిడని తీసుకుపోయిందే, ఆ పుండు. కొట్లో రంపం ఆపగానే వెనకనుంచి మీ అక్క "చెయ్యి చూపించండి" అంటోంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నవ్వకు.

మీ బావ

బావా,

నవ్వడం లేదు, తిడుతున్నాను. అక్క విషయంలోనూ "చిన్నదే" అనుకున్నాం. ముందు ఆసుపత్రికి నడు, చీము పరీక్ష చేయించు.

నీ చెక్క మీది బూజు మాత్రం బంగారం. ల్యాబులో దానికి స్టెరాయిడ్ మేత వేస్తున్నాను. అక్క ఉబ్బసానికి మింగేదే, ఆ జాతి మందు. బూజు దాన్ని ఒకచోట కొరికి, ఇంకోచోట ఏదో తగిలించి కొత్త పదార్థంగా మార్చేస్తుంది. ఆ కొత్తది ఒక చుక్క వేస్తే, పళ్ళెంలో పెంచుతున్న క్రిములు చచ్చాయి, అక్కని చంపిన జాతివే. ఎగిరి గంతేశాను. తర్వాత కూర్చుని ఏడ్చాను.

వెంటనే జవాబు రాయి.

నీ మరదలు

ప్రియమైన పిల్లా,

ఎడమచేత్తో రాస్తున్నాను, కోడి గెలికినట్టుందని వెక్కిరించకు. అక్కని తిన్న క్రిమే నా చేతిలోనూ ఉందట. డాక్టరు రెండు వేళ్ళు తీసేస్తానంటున్నాడు. ఆలస్యమైతే చెయ్యి, ఆపైన ప్రాణం. వేళ్ళు లేకపోతే నేనేం వడ్రంగిని? నీ దగ్గరుందిగా ఆ మందు, ఒక సీసా పంపు. పొద్దున్నుంచీ మీ అక్కది అదే పోరు: "దాన్ని అడగండి, కాదంటుందా?" ఆ సీసా అందేదాకా కత్తి పడనివ్వను.

బావ

బావా,

ఇన్నాళ్ళూ రాయలేదు, కోపం తెచ్చుకోకు. సీసా నింపాను. నీ చిరునామా కూడా అంటించాను. "మనిషి కణాలని ఏం చేస్తుందో చూడందే గడప దాటనివ్వను" అని మా ల్యాబు పెద్దాయన లాక్కున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను ఆయన్ని.

ఇవాళ ఫలితం వచ్చింది. క్రిముల్ని చంపే మోతాదుకే మనిషి కణాలూ చచ్చాయి, ఒక్కటీ మిగల్లేదు. పంపి ఉంటే నా చేత్తో నిన్ను చంపుకునేదాన్ని. ఇది మందు కావడానికి ఏళ్ళు పడుతుంది. నీకంత టైం లేదు. అక్క ఎంత పోరినా వినకు. వేళ్ళు తీయించుకో బావా, నీకు దండం పెడతాను.

నీ మరదలు

ప్రియమైన మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి ఆపరేషనుకి ఒప్పుకున్నాను. రెండు వేళ్ళు పోయాయి, జబ్బు ఆగింది. మిగిలిన వేళ్ళతో ఒక స్టూలు చేశాను. ఒక్కో కాలు ఒక్కో పొడవు. అది నీకే.

మీ అక్క గొంతు ఇప్పుడు వినబడటం లేదు. మాట విననందుకు అలిగిందనుకుని కొట్టంతా వెతికాను, సిగ్గులేకుండా పిలిచాను కూడా.

లేని వేళ్ళు మాత్రం సలుపుతుంటాయి. మామూలేనట, డాక్టరు చెప్పాడు. నిన్న ఆ సలుపు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ రెండు వేళ్ళే వెచ్చబడ్డాయి. ఎవరో పట్టుకున్నారు. ఆ పట్టు నాకు తెలుసు పిల్లా. చెయ్యి కదిపితే వదిలేస్తుందేమోనని పని మానేసి అలాగే కూర్చున్నాను.

మీ బావ