మ్యాప్‌లో ఎర్రబడ్డ తోట

చోడవరం,
ఆదివారం.

ఒసే ప్రవల్లికా,

సిన్నప్పుడు బడికెళ్ళే దారే తప్పిపోయిన గుంటవి, ఇప్పుడు కంప్యూటర్లో ఊళ్ళకి మ్యాపులు గీస్తన్నావు. అందుకే నిన్నడుగుతన్నాను. ఉక్కు ఫ్యాక్టరీకి జాగా సూసే మ్యాపొకటి మొన్న పంచాయతీ ఆఫీసులో అంటించేరు. మన సెరుకు తోటా, పక్కన పెదబాబు తోటా ఎర్ర రంగులో ఉన్నాయి. ఎరుపంటే ఏటీ పండని భూమంట.

తప్పు నాదే. పోయినేడు సర్వేకి ఇద్దరు ట్యాబు పట్టుకుని వచ్చేరు. "తాతా, పంటెలా ఉంది?" అన్నారు. కొత్తోళ్ళకి బాగుందని సెప్తే దిష్టి తగలదేటి? "నీళ్ళే లేవు బాబూ, గడ్డి కూడా మొలవదు" అన్నాను. పక్క తోట సంగతడిగితే అదీ అంతేనన్నాను. నా ఎనకాలే సెరుకు నిలువెత్తుంది. ఆళ్ళు తలెత్తి సూడలేదు, ట్యాబులో కొట్టుకుని ఎళ్ళిపోయేరు.

ఇరవయ్యో తారీకు దాకా అర్జీలు తీసుకుంటారంట. ఆ రంగు మార్చాలంటే ఏటి రాయాలో సెప్పు. అబద్ధమాడింది నేనేనని రాసి సంతకం పెడతాను. ఊళ్ళో మాత్రం ఇంకా ఎవరికీ సెప్పలేదు.

పెదబాబు రోజూ టీ కొట్టు కాడ, ఆ మాట సెప్పినోడి నోరు పడిపోవాలని తిడతన్నాడు. నేను పక్కనే కూసుని, అవున్రా అంటన్నాను.

మీ తాత