బావ కోసం ఎంచిన సీసా

మడగావ్, గోవా
ఆదివారం పొద్దున

అక్కకి,

నీ తమ్ముడు శ్రీను దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ నాకు ఒంట్లో బానే ఉంది, వేళకి తింటున్నాను, దగ్గు కూడా తగ్గింది. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మీ అత్తగారు మంచం దిగి నాలుగడుగులు వేస్తున్నారా? లావణ్య గుడ్లవల్లేరు కాలేజీకి రోజూ వెళ్తోందా, లేక వాళ్ళ నాన్న దగ్గర ఎవరో ఒకరు ఉండాలని ఇంట్లోనే ఆగిపోతోందా? మానిపించకక్కా, నీకు పుణ్యముంటుంది. బావ ఎలా ఉన్నాడని మాత్రం అడగను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఫోనుండగా ఉత్తరమేంట్రా పిచ్చి సన్నాసీ అంటావు. నీ ఫోనెప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, బావెప్పుడూ పక్కనే ఉంటాడు. అందుకే గుడివాడ మార్కెట్లో నీ ఎండు చేపల గంపల పక్కన ఎండుమిరపకాయల కొట్టున్న సుబ్బారావు మావయ్య అడ్రసుకి రాస్తున్నాను. ఆయన చేతికిస్తే అక్కడే కూర్చుని చదువు. బేరాలొస్తే పోనీ. ఇంటికి మాత్రం పట్టుకెళ్ళకు.

ఇక్కడ వాన అక్కా. మన దగ్గరలా తుపానొచ్చి రెండు రోజులు కొట్టి పోయే రకం కాదు. మొదలెడితే ఆపదు. చొక్కాలు ఆరవు, గోడలకి బూజు, గదిలో నాతో ఉండే ఒరిస్సా వాళ్ళు ముగ్గురూ వానలకి బోట్లు ఆగిపోయి పొద్దస్తమానం పడుకునే ఉంటారు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు, వచ్చిన ఆ కాస్త హిందీలో ఉప్పుందా, నూనుందా అనుకోవడంతో సరి. అన్నం లావుపాటి ఎర్ర బియ్యం. చేపలున్నాయి గానీ అన్నిట్లోనూ కొబ్బరే. చింతచిగురులో రొయ్యపొట్టేసి నువ్వు చేసే కూర తల్చుకుంటే ఒక్కోసారి ఏడుపొస్తుంది, నిజం చెప్తున్నా. ఎవరైనా ఇటొస్తుంటే కాస్త రొయ్యపొట్టు పంపు.

బోటు పనికి నా నడుము పనికిరాదని తేలాక ఈ మందు షాపులో కుదిరానని నీకు తెలుసు కదా. ఓనరమ్మని అందరూ ఆంటీ అంటారు, అరవై ఏళ్ళ మనిషి. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, హిందీ వచ్చు, విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చేవాళ్ళతో తెలుగులో మాట్లాడతాను. అందుకని జిన్ను అరలన్నీ నాకే అప్పజెప్పింది. ఇప్పుడంతా ఈ క్రాఫ్ట్ జిన్ను మోజే. చిన్న చిన్న బట్టీల్లో కొద్దికొద్దిగా తీసేది. మూడు వేలదీ ఉంది, వెయ్యిదీ ఉంది, అన్నీ అత్తరు సీసాల్లా తళతళలాడుతుంటాయి.

మొన్న విజయవాడ నుంచి నలుగురు కుర్రాళ్ళొచ్చారు. "అన్నా, క్రాఫ్ట్ జిన్ను కావాలి, వెయ్యికి మించకూడదు, బాటిల్ మాత్రం అదిరిపోవాలి" అన్నారు.

"బాటిల్ తాగుతారా, లోపలున్నది తాగుతారా?" అన్నాను.

"రెండూనన్నా, ఫొటో దిగాలిగా."

ఆంటీ నేర్పిందే వాళ్ళకి చెప్పాను. సీసా చూసి కొనకండి, వెనక చీటీ చదవండి. దినుసులేసి బట్టీలో కాచారా, లేక ఉత్త స్పిరిట్లో ఎసెన్సు కలిపారా చూడండి. జునిపర్ గింజల పేరుండాలి. అవి మిరియాలకన్నా కాస్త పెద్దగా, నల్లగా ఉంటాయి, అవి లేందే జిన్నే కాదు. తర్వాత శాంపిల్ సీసాలోంచి అరచేతిలో ఒక చుక్కేసి రుద్ది, ఘాటు ఆరిపోయాక వాసన చూడండి. ధనియాలూ నిమ్మతొక్కా వాసనొస్తే కొనండి. బాత్రూం కడిగిన వాసనొస్తే తళతళలాడే సీసా అయినా వదిలేయండి.

ఆ అరచేతి పద్ధతి ఆంటీ చూపించినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావక్కా. నెత్తళ్ళు గుప్పెడు తీసి, అరచేతుల్లో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది రాత్రి తడిసింది, వద్దు" అనేదానివి. గిలకలదిండిలో ఎండు చేపల వ్యాపారులు నిన్ను చూస్తే భయపడేవాళ్ళు. మా అక్క దగ్గర నేర్చుకున్న విద్యే ఇదని ఆంటీతో గొప్పగా చెప్పాను. మన వంశంలో మందు ముట్టనివాణ్ణి నేనొక్కణ్ణే, మందు ఎంచిపెట్టే ఉద్యోగమూ నాకే దొరికింది. నాన్న ఉంటే పడీ పడీ నవ్వేవాడు.

అసలు తప్పంతా నా నోటి దూల. ఆ రోజు వీడియో కాల్లో షాపంతా తిప్పి చూపిస్తూ, "ఇది మన బ్రాందీ షాపు సరుకు కాదక్కా, ధనియాలు, యాలకులు, నిమ్మతొక్క, అల్లం వేసి కాస్తారు, కషాయంలా ఉంటుంది" అన్నాను. గొప్ప కోసం అన్నాను. అప్పటికి బావని బందరు ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి రెండు వారాలు. లివరు పోయింది, ఇంక ఒక్క చుక్క కూడా పడకూడదని డాక్టరుగారు నీ ఎదురుగానే చెప్పారు. నువ్వేమో మర్నాడు ఫోను చేసి, "ఒరేయ్ శ్రీనూ, మోపిదేవిలో పుట్ట దగ్గర ఒట్టేయించినా పదకొండు రోజులే ఆగాడు. ఎటూ తాగుతాడు. ఆ బెల్టు షాపు పాపిష్టిది తాగి చచ్చేకన్నా నువ్వు చెప్పిన ఆ ధనియాలది మేలు కదా? మనకందే ధరలో మంచిదొకటి ఎంచి పంపరా" అన్నావు.

నేను వద్దనలేకపోయాను. వద్దంటే నీకింకో దారేం చూపించను?

నిజంగానే ఎంచానక్కా. నమ్ము. వెయ్యి లోపువి మూడు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఒకటి ఎసెన్సు సరుకు, తీసేశాను. ఇంకోటి బానే ఉంది గానీ మిరియాల ఘాటెక్కువ, ఖాళీ కడుపుతో తాగేవాడికి మంట పుడుతుందనిపించింది. మూడోది శుభ్రమైనది, అరచేతిలో రుద్దితే ఉత్త ధనియాల వాసన. అదే బావకి సరిపోతుందనుకున్నాను. అనుకుని, డబ్బులు కట్టి, సంచిలో పెట్టుకుని గదికొచ్చి కూర్చున్నాక ఆ సీసా బయటికి తీసి చూశాను. ఏం చేస్తున్నాన్రా నేను? ఒక్క చుక్క పడకూడదన్న మనిషికి, కడుపులో మంట పుట్టనిది ఎంచుతున్నానా? ధనియాలేస్తే విషం కషాయమవుతుందా? ఎన్ని వేలు పోసినా ఆయన లివరుకి మంచి జిన్ను ఈ దేశంలో లేదక్కా.

మర్నాడు ఆ సీసా షాపులో తిరిగిచ్చేశాను. అలాంటిదే ఖాళీ సీసా ఒకటి తెచ్చి కడిగాను. ఆంటీని అడిగి గుప్పెడు జునిపర్ గింజలు తీసుకుని, ధనియాలు, నిమ్మతొక్క, గొంతు మండడానికి శొంఠీ మిరియాలూ దంచి వేసి, నీళ్ళల్లో మరగబెట్టి, గుడ్డలో నాలుగుసార్లు వడకట్టి పోశాను. మూత మీద కొత్త ప్లాస్టిక్కు తొడిగి కెటిల్ ఆవిరికి పట్టాను. అచ్చం కంపెనీ సీలులా బిగుసుకుంది. అది పట్టుకుని మన పాలెం వెంకన్న బాబాయి ఊరొచ్చాడు.

నేను నీకు పంపింది నీళ్ళక్కా. ఉత్త నీళ్ళు.

తిట్టుకో. కానీ మొత్తం చదివి తిట్టుకో. సీసా అందిన నాలుగో రోజున బావ ఫోను చేశాడు, హార్బరు నుంచి. "ఏరా బామ్మర్దీ, నీళ్ళకి సీలేసి పంపావా?" అని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి మాట ఆగిపోయింది. దగ్గు తగ్గాక ఆయనే అన్నాడు, "మీ అక్కకి చెప్పకు. సాయంత్రం ఆరయ్యేసరికి చాపేసి, గ్లాసు తోమి, మూతతో కొలిచి రెండు మూతలు పోస్తోంది. పక్కన వేయించిన నెత్తళ్ళు పెడుతోంది. అయ్యేదాకా కదలకుండా కూర్చుని మార్కెట్లో సంగతులన్నీ చెప్తోంది. పెళ్ళైన కొత్తలో కూడా నాతో అంతసేపు కూర్చోలేదురా. ఆ కాసేపూ బాగుంటోంది."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. తను గిన్నెలు తోముకోడానికి వెళ్తుంది, నేను అటు వెళ్తాను."

"మానలేవా బావా?"

"దేవుడి ముందు ఒట్టేసి మానలేనివాణ్ణి, నీ ధనియాల నీళ్ళకి మానతానా? అడక్కు" అని పెట్టేశాడు.

అప్పుడే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా, "ఇప్పుడు రెండు మూతల మీద నిలబడ్డాడురా, నీ పుణ్యం" అంటుంటే సరే అక్కా, సరే అక్కా అన్నాను. పోయిన వారం లావణ్య రిపోర్టులు ఫొటో తీసి పంపింది. కళ్ళు పచ్చగా ఉన్నాయంది, పొట్టలో నీరు తీశారంది. ఇంక ఆసుపత్రికి తిప్పొద్దు, ఇంటి దగ్గరే చూసుకోండన్నారట. "మావయ్యా, అమ్మ ఏడవడం లేదు, అదే నాకు భయంగా ఉంది" అంది.

అదే రోజు నీ దగ్గర్నుంచి వాయిస్ మెసేజి. రిపోర్టు మాట ఒక్కటీ లేదు. "శ్రీనూ, ఇంకోసారి అదే పంపరా. పోయినసారి పెద్ద సీసా కదా, పదో రోజుకి కొంచెం పులిసిన వాసనొచ్చింది. ఈసారి చిన్నవి పంపు. రెండు చాలు."

దాంతో ఈ ఉత్తరం మొదలెట్టానక్కా. నిజం చెప్పేద్దాం, నీళ్ళని తెలిస్తే నువ్వు మొహమాటం లేకుండా ఆయన్ని పట్టుకుంటావు, గుంటూరో విజయవాడో తాగుడు మాన్పించే చోటికి తీసుకెళ్తావు, ఇంకా ఏదో ఒకటి చేస్తావు అనుకున్నాను. ఇక్కడిదాకా రాసి, నీ మెసేజి మళ్ళీ పెట్టుకుని విన్నాను, తారీఖులు సరిగ్గా రాద్దామని.

పులిసిన వాసనొచ్చిందన్నావు.

జిన్ను పులవదక్కా. ఏడాది ఉంచినా పులవదు. అది నాకంటే నీకే బాగా తెలుసు, నాన్న దాచుకున్న సీసాలు చూరులోంచి ఎన్ని తీసి పారబోయలేదు నువ్వు! పులిసేది నిమ్మతొక్క మరిగించిన నీళ్ళు. గంపెడు చేపల్లో పాడైనదాన్ని కళ్ళు మూసుకుని తీసి పారేసే మనిషివి. మొదటి రోజు మూత తియ్యగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. నీ ముక్కుని మోసం చేయొచ్చనుకున్నాను చూడు, నా అంత వెధవ ఉండడు. తెలిసే కొలిచి పోశావు. తెలిసే నెత్తళ్ళు వేయించావు. గిన్నెలు తోమేటప్పుడు ఆయన ఎటు వెళ్తున్నాడో కూడా నీకు తెలుసు.

నీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. అటు ఆయన నీకు తెలియదనుకుని తాగాడు, ఇటు నువ్వు ఆయనకి తెలియదనుకుని పోశావు, మధ్యలో నేనొకణ్ణి పెద్ద తెలివైనవాణ్ణి. గుంటూరు మాటా, విజయవాడ మాటా ఇంక ఎత్తను. చేయగలిగిందేదైనా ఉంటే నువ్వు ఈపాటికి చేసేసేదానివి. చేయగలిగిందేమీ లేకే ఆ చాపేసుకుని కూర్చుంటున్నావు.

ఈ ఉత్తరం చింపి పారేద్దామనుకున్నాను. కానీ నీకు తెలుసని నాకు తెలిసినట్టు నీకు తెలియాలనిపించింది. ఇంట్లో అందరి దగ్గరా దాస్తున్నావు, నా ఒక్కడి దగ్గరైనా దాచక్కర్లేదు. గుడివాడలో గంపల ముందు కూర్చుని కాసేపు ఏడువక్కా. అక్కడ ఎవరైనా అడిగితే ఎండుమిరపకాయల ఘాటనొచ్చు.

ఆంటీని అడిగితే పది రోజులు సెలవిచ్చింది. పై ఆదివారానికి బందరులో ఉంటాను, సీసాలు నేనే తెస్తాను. వచ్చాక బావ ముందు ఏమీ మాట్లాడను. ఆరింటికి చాపేసినప్పుడు నాకూ ఒక గ్లాసు తోమి పెట్టు. జిన్ను ముట్టనివాడు నీ చేత్తో పోసిన నీళ్ళు తాగొచ్చులే.

మీ అత్తగారి కాళ్ళకి నా దణ్ణాలు చెప్పు. లావణ్యకి ఆశీస్సులు, పరీక్ష ఫీజు నేను కడతానని చెప్పు. సుబ్బారావు మావయ్యని అడిగానని చెప్పు. బావకి ఏం చెప్పాలో తెలియడం లేదు, వస్తున్నాడని చెప్పు చాలు. నన్ను దీవించక్కా, వచ్చేదాకా ఆయన్ని ఉంచమని మోపిదేవి స్వామికి నా పేరున కూడా దణ్ణం పెట్టు.

నీ చేతి కూడు తిని పెరిగిన
తమ్ముడు శ్రీను

తా.క. చిన్న సీసాలు దొరికాయి, ఒక్కోటి సరిగ్గా పది రోజులొస్తుంది. నువ్వు రెండు చాలన్నావు, అంటే ఇరవై రోజులు. ఎందుకన్నావో ఇప్పుడే లెక్క కట్టుకున్నాను. నేను మూడు తెస్తున్నానక్కా.