కాజాలో దారం

జూన్ 4

జపనీస్ టెస్టులో ఇరవైకి ఆరు. ముంచినవి పార్టికల్స్. వ, ఒ, ని, దె. మాట తోక పట్టుకుని వేలాడే ముక్కలు. ఎవరు, దేన్ని, ఎక్కడికి, ఎక్కడ అన్నది అవే చెబుతాయి. ఒకటి తప్పితే వాక్యమంతా గల్లంతు.

నెలాఖరున జపాన్ నుంచి వృద్ధాశ్రమం వాళ్ళు వస్తున్నారు. ట్రెయినింగూ ఉద్యోగమూ వాళ్ళే ఇస్తారు. పార్టికల్స్ సరిగ్గా రానివాళ్ళను ఇంటర్వ్యూకి పంపనని మేడమ్ చెప్పేసింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. అది ఇంకా ఘోరం.

జూన్ 5

నాన్నకు చెప్పాను. తిట్టలేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ఈసారి కాకపోతే వచ్చి మన లాండ్రీ కౌంటర్‌లో కూర్చో తల్లీ, మీ అమ్మ మోకాళ్ళు ఇక ఓర్చుకోవు అన్నాడు. న్యాయమే. అందుకే ఏడుపొచ్చింది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఆ డిగ్రీతో కౌంటర్ వెనక కూర్చోవాలా?

జూన్ 9

బట్టల్ని ఉతుకుతాను అని చెప్పమన్నారు. బట్టలంటే ఫుకు. ఫుకు ని అరైమస్ అన్నాను. మన 'ని' ఉందిగదా అని ధైర్యం. వాళ్ళ 'ని' అంటే మన 'కి' అట. బట్టలకి ఉతుకుతావా అమ్మాయ్ అని మేడమ్ నవ్వింది. మా క్లాసులో ఒక ఇంజినీరు ఉన్నాడు, అందరూ డిక్షనరీ అంటారు. ఇంట్లో లాండ్రీ పెట్టుకుని బట్టలే ఉతకలేకపోతే ఎలాగండీ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సెక్కాక మానేశాను.

జూన్ 10

ఇవాళ పుస్తకం ముట్టలేదు.

జూన్ 12, ఉదయం 7

చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. కానీ ఇది ఇప్పుడే రాయాలి.

ఒకే పేరున్న కస్టమర్లు ఇద్దరున్నారు. ఒకరు లాయరు, ఒకరు బ్యాంకు మేనేజరు. ఇద్దరివీ నల్ల కోట్లే. చీటీ మీద పేరు చదివి, ఇస్త్రీ అయిపోయి ఇంటికి వెళ్ళాల్సిన లాయరుగారి కోటును తొట్టిలో ముంచేశాను. అమ్మ పరుగెత్తుకొచ్చి లాగింది. పేరొకటైతే పనీ ఒకటే అవుతుందటే, దారం చూసుకోవద్దా అంది. చదువుకున్న పిల్లవని అప్పగిస్తే ఆయన కోర్టుకి ఏం తొడుక్కుని పోతాడే అని కూడా అంది.

అమ్మకు అక్షరాలు రావు. అందుకని కాలర్ కాజాకు దారం కడుతుంది. ఎర్రది, ఉతకాల్సినది. నీలం, ఇంటికి చేరాల్సినది. పసుపు, కొట్టులోనే ఇస్త్రీ.

కోటు పిండుతూ పిండుతూ ఆగిపోయాను. మన 'ని', వాళ్ళ 'ని'. ఒకే పేరున్న ఇద్దరు కస్టమర్లు. నేను పేరు చూసి ముంచుతున్నాను.

పని దేని మీద జరుగుతుందో దానికి ఎర్రదారం, ఒ. చేరే చోటికి నీలం, ని. పని జరిగే చోటికి పసుపు, దె. ఇక 'వ' అంటారా, అది చీటీ మీద పేరు. ఇప్పుడు చెప్పబోయేది ఫలానావారి సంగతి అని.

ఇన్నాళ్ళూ ఇంగ్లిష్ పుస్తకం పెట్టుకుని చదివాను. వాళ్ళ టు, ఇన్, ఎట్ అన్నీ మాటకు ముందు నిలబడతాయి. మనకైతే వెనకే. జపాన్‌వాళ్ళకూ వెనకే. క్రియ కూడా మనలాగే చివర్లో. పక్కింటికి వెళ్ళడానికి ఊరంతా తిరిగొచ్చాను.

లాయరుగారికి నాన్న ఫోన్ చేసి సాయంత్రం దాకా గడువడిగాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. దీనికేమైందని, కొట్టులో సాయానికొచ్చే మా పిన్ని అడిగింది.

జూన్ 17

అట్టముక్కల మీద మాటలు రాసి దారాలు కట్టాను. నేను వాక్యం చెబుతుంటే అమ్మ రంగు చూస్తుంది. అది పసుపు కదే, నీలం అన్నావేంటి అంటుంది. జపనీస్‌లో నన్ను దిద్దుతోంది మా అమ్మ. ఇస్త్రీ చేస్తూ నాన్న తనలో తానే, కొట్టులో... దె, అనుకుంటున్నాడు. నాక్కూడా వీసా ఇస్తారేమో కనుక్కో అన్నాడు.

జూన్ 21

పందొమ్మిది. ఇరవైకి.

ఎలా వచ్చాయని మేడమ్ అడిగితే క్లాసులో దారాల సంగతి చెప్పాను. డిక్షనరీ నన్ను మెట్ల దగ్గర ఆపి, ఆ ఎర్రదారం నాకూ ఒకటి ఇస్తారా అన్నాడు. మూడూ ఇచ్చాను.

జూన్ 28, మధ్యాహ్నం

ఇంటర్వ్యూ అయింది. మధ్యలో ఒక పెద్దావిడ, చెరో పక్కన ఇద్దరు మగవాళ్ళు. బట్టీపట్టిన స్వపరిచయం వాళ్ళు అడగనే లేదు. మీ అమ్మ ఏం చేస్తుంది అని అడిగింది ఆవిడ. అప్పుడు అమ్మ చేతివేళ్ళు గుర్తొచ్చాయి, కాజాలో దారం దూరుస్తూ. పసుపు. హహ వ మిసె దె. ఎర్రది. ఫుకు ఒ అరైమస్. అమ్మ కొట్టులో బట్టల్ని ఉతుకుతుంది. నీలం. కస్టమర్ ఇంటికి చేరుస్తుంది. ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చాయి. అమ్మకు చదవడం రాదనీ, అయినా తప్పు చేయదనీ చెప్పాను. దారాల సంగతి చెప్పాను. తడబడ్డాను, తిరిగి అందుకున్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. మా ఆశ్రమంలో పెద్దవాళ్ళ బట్టలు కలిసిపోయి రోజూ గొడవే, నువ్వొచ్చి ఈ దారాలు మాక్కూడా కడతావా అంది. నాకు మొత్తం అర్థమైంది. మొత్తం. హై అన్నాను, అలాగేనండీ అని. గది అదిరేలా అన్నట్టున్నాను, పక్కాయన ఉలిక్కిపడ్డాడు.

జూలై 6

వచ్చింది. సెలెక్టెడ్.

నాన్న కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూ ఒక చొక్కా కాల్చేశాడు. ఆయన చొక్కా కాల్చడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చొక్కా లాయరుగారిదే. ఆయన, మీ అమ్మాయి జపాన్ చేరేలోపు నా బట్టలన్నీ ఖాళీ చేసేలా ఉన్నారు అని స్వీట్లు తెప్పించాడు.

కౌంటర్‌లో పిన్ని కూర్చుంటుందట. పేర్లు చదవడం రాదు, అదే మంచిది అంది అమ్మ.

సెప్టెంబర్ 2

సూట్‌కేస్ పిడికి దారం. ఆకుపచ్చది. మా కొట్టులో ఆకుపచ్చ లేదు. ఇదేంటని అమ్మను అడిగాను. ఎక్కడికి పోవాలో చెప్పే దారం ఉంది గానీ, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది ఇన్నాళ్ళూ అవసరం పడలేదు కదే అంది.

బయల్దేరిన చోటికి ఆకుపచ్చ, కర. మా కొట్టు నుంచి.