ఏడో నంబరు రాయి

సాలూరు,
12-7-1978

చి. సత్యవతికి అమ్మమ్మ ఆశీస్సులు.

అనంతగిరి దగ్గర బడిలో టీచరుగా చేరావు, రాళ్ల పాఠానికి ఏమైనా ఉంటే పంపమన్నావు. కొండ మీద కూర్చుని, కొండ కిందున్న నన్ను రాళ్లడిగావు. నవ్వే అర్హత నాకు లేదులే. ఆ బడిలోనే నేను మద్రాసు నుంచి రైల్లో వచ్చిన పన్నెండు నంబరు రాళ్లను పెట్టెలో పెట్టి తాళం వేసి పాఠం చెప్పాను.

ఒకరోజు నా క్లాసులో గంగ అనే గుంట ఎర్ర గింజలు పొదిగిన రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. అచ్చం పెట్టెలోని ఏడో నంబరు రాయే.

"నంబరు గోకేసి తెస్తే నాకు తెలీదనుకున్నావా?" అన్నాను.

"మా పొలంలోదండి, అమ్మగోరూ."

"మీ పొలంలో మద్రాసు రాళ్లు పండుతున్నాయేటి?" అని పిల్లలందరినీ నవ్వించి, దాన్ని గుమ్మం బయట నిలబెట్టాను. తర్వాత పెట్టె తెరిస్తే ఏడో నంబరు రాయి దాని గూట్లోనే ఉంది. బయటికొచ్చేసరికి గంగ లేదు. మళ్లీ బడికి రాలేదు.

వాళ్ల ఊరు ఒక్క కొండ అవతలే. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మూడు మైళ్లు ఎదురెళ్లేదాన్ని, అక్కడికి మాత్రం వెళ్లలేదు.

పెట్టె బస్సులో పంపుతున్నాను. నంబరు లేని రాయి గంగది. ఇప్పుడు పిల్లల తల్లై ఉంటుంది. వెతికి, తప్పు మా అమ్మమ్మదని చెప్పి, రాయి ఇచ్చెయ్యి. తనే మళ్లీ నీ చేతిలో పెడితే, అప్పుడు పాఠానికి వాడుకో.

పెట్టెకు తాళం పంపడం లేదు. మరిచిపోయి కాదు.

మీ అమ్మమ్మ