పళ్ళెం ఖాళీగా పంపకూడదు

మీరు నా నోటితో అబద్ధమాడించారు, థాచర్ గారూ. మా ఇటుకల బట్టీవాళ్ళు మీ నోటిని నమ్మరు, నా నోటిని నమ్ముతారు. అందుకే నాది వాడుకున్నారు.

"గౌరవనీయులైన సెనేటర్ గారికి" అని మొదలుపెట్టబోయాను. చెయ్యి రాలేదు. ఇటుకలు మోసిన చెయ్యి ఇది. మీరు అరువిచ్చిన లా పుస్తకాలు చూసి రాయడం నేర్చింది. మీకే ఇలా రాస్తుందని మీరూ అనుకుని ఉండరు, నేనూ అనుకోలేదు.

సోమవారం పొద్దున మీ బ్యాంకు ముందు వరస కోర్టు మెట్ల దాకా సాగింది. మా డబ్బు మాకివ్వండని గోల. మీరు నన్ను వెనక గదిలోకి పిలిచి భుజం మీద చెయ్యేశారు. "ఓరిన్, నీ దగ్గరున్నది తెచ్చి, అందరూ చూస్తుండగా జమ చెయ్యి. వచ్చే నెల నుంచి నా ఆఫీసులోనే కూర్చుని లా చదువుకుందువుగాని" అన్నారు. ఆ చివరి మాటకి నా కాళ్ళు నేల మీద ఆగలేదు. అమ్మ ఊళ్ళోవాళ్ళ బట్టలుతికి పిండిడబ్బాలో దాచిందంతా ఊడ్చుకొచ్చాను.

బ్యాంకు మెట్లెక్కుతుంటే మా మేస్త్రీ గస్ అరిచాడు: "ఒరేయ్ లాయరూ, అందరూ తీసుకుంటుంటే నువ్వేస్తున్నావేంట్రా? బట్టీ పొగ తలకెక్కిందా?"

"తలున్నవాణ్ణి గనకే వేస్తున్నా. డేగ నీడకే కోళ్ళు పరిగెత్తినట్టు మీరంతా పరిగెత్తుకొచ్చారు" అన్నాను.

జనం నవ్వారు. నవ్వినవాళ్ళలో సగంమంది ఇంటిదారి పట్టారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, చీమలా తిరుగుతోంది.

కెటరర్ వాళ్ళింటి ముసలమ్మ అప్పటికే తన డబ్బు తీసేసుకుని రుమాల్లో కట్టుకుంది. మొగుడు రాళ్ళగనిలో పోతే కంపెనీవాళ్ళిచ్చిన డబ్బది. "నాయనా, నువ్వు పుస్తకాలు చదివేవాడివి. మళ్ళీ వేసెయ్యనా?" అంది.

"వేసెయ్ పెద్దమ్మా. నాదీ అక్కడే ఉందిగా" అన్నాను. చెయ్యి పట్టుకుని డబ్బు కట్టే కిటికీ దాకా నడిపించింది కూడా నేనే.

మంగళవారం మీ తలుపులు తెరుచుకోలేదు. ఇక తెరుచుకోవని బుధవారం తెలిసింది.

అంతవరకే అయితే, మోసపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణని తలెత్తుకునేవాణ్ణి. కానీ సోమవారం సాయంత్రమే మీ వంటమనిషి మా అమ్మ పళ్ళెం తెచ్చిచ్చింది. మీ ఆవిడకి జ్వరం వచ్చినప్పుడు అమ్మ చెర్రీపళ్ళు కూరి 'పై' కాల్చి పంపిన రేకు పళ్ళెం. ఈ ఊళ్ళో ఎవరూ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపరు. మీరూ పంపలేదు. పైన ఆపిల్ పళ్ళు, కింద నా డబ్బు మొత్తం. కప్పిన గుడ్డ మీద మీ ఆవిడ పేరు కుట్టి ఉంది. వారం వారం అమ్మే ఇస్త్రీ చేసే గుడ్డ, పోల్చుకోలేకపోతామా?

ఆ సాయంత్రం నేనేమనుకున్నానో తెలుసా? మహానుభావుడు, పేదవాడి డబ్బు వద్దనుకున్నాడు అనుకున్నాను. ఆపిళ్ళు కూడా తిన్నాను. తెల్లారితే తలుపులు తెరవరని మీకు అప్పటికే తెలుసని తర్వాతగాని నాకు వెలగలేదు.

అమ్మ అంటోంది, "నోర్మూసుకో. దేవుడిచ్చాడు. అందరూ మునిగారని మనమూ మునగాలా?" అని.

"దేవుడు ఆపిళ్ళ కింద పెట్టి పంపడమ్మా" అన్నాను.

నిన్న కెటరరమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. తిట్టిపోస్తుందేమోనని కాసుకుని నిలబడ్డాను. పళ్ళెంలో రొట్టె పెట్టుకొచ్చింది. "పాపం, నీదీ పోయిందిగా నాయనా, తిను" అంది. నాది పోలేదని చెప్పలేదు. రొట్టె మాత్రం అందుకున్నాను. ఇంకా వేడిగా ఉంది.

ఆవిడ పళ్ళెం ఇప్పుడు మా బల్ల మీదుంది. నా డబ్బు అందులో పెడతాను. అది చాలదు. దానితోపాటు నిజం కూడా వెళ్ళాలి. సగం నా దగ్గరుంది, సగం మీ దగ్గరుంది.

నవంబరు ఎన్నికలకి ఓట్లడగడానికి మీరెక్కే ఆ కోర్టు మెట్లే శనివారం ఎక్కండి. పల్లెల బళ్ళన్నీ ఊళ్ళోకొచ్చే రోజది. నన్ను ఎవరు పంపారో, మీ సొంత డబ్బు ముందే బయటికి తీసుకున్నారో లేదో మీ నోటితో చెప్పండి. నా పక్కనే నిలబడి చెప్పండి, నా వంతు నేనూ చెబుతాను. రానంటే ఆ గుడ్డ పట్టుకుని నేనొక్కణ్ణే ఎక్కుతాను. మీ లా పుస్తకాలు ఈ ఉత్తరంతోనే పంపేస్తున్నాను.

వస్తారో రారో, శనివారం కోర్టు గడియారం పన్నెండు కొట్టేలోగా జవాబు చెప్పండి.

ఓరిన్ డోబ్స్
ఇటుకల బట్టీ, ప్రాట్స్ ఫెర్రీ, ఒహాయో
గురువారం, ఆగస్టు 1893