వాగు పక్క మట్టి

2016 సెప్టెంబర్ 14, హామిల్టన్

నేల పరీక్షలు చేసే మా చెల్లి సుధతో ఆవుల ఫామ్‌కి వెళ్లాను. సొంతంగా పని మొదలుపెట్టాక తనను పిలిచిన మొదటి రైతు ఆ ఫామ్ పెద్దాయనే. పార దించే ముందు సుధ మట్టిని కళ్లకద్దుకుంది. నేను నేర్పిన అలవాటే.

మంచి నేలైతే, తవ్వితీసిన గడ్డను పలక మీద పడేస్తే పొడిపొడిగా విడిపోవాలి. వాగు పక్క గడ్డ ఆవుల తొక్కుడుకి గట్టిపడి ఇటుకలా అలాగే ఉంది. ఒక్క వానపామూ లేదు.

"పర్లేదని రాసెయ్యవే, పెద్దాయన బాధపడతాడు," అన్నాను.

"కళ్లకద్దుకున్న మట్టి గురించి అబద్ధం రాయమంటావా అక్కా?"

ఈ ఏడాది అక్కడికి ఆవుల్ని తోలొద్దని ఆయన ముఖం మీదే చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ పిలుస్తాడో లేదో.

సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, ఆయన మళ్లీ పిలవాలనే దేవుణ్ణి అడగబోయాను. మట్టిని కళ్లకద్దుకున్న మా చెల్లి చేతులు చల్లగా ఉండాలని మాత్రం అడిగి లేచాను.